కడిగిన పడవ

హేమసుందర్ లాగా కథ చెప్పేవాడు లేడని ఇప్పటికీ అంటారు. గుణదలలో మా వీధి గదిలో వాడు వీడియో గేమ్ షాపు నడిపినప్పుడు అక్కడ ఆడుకున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగస్థులయ్యారు. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి కొండెక్కడానికి వచ్చినప్పుడు నా బడ్డీ దగ్గర ఆగి కొవ్వొత్తులు కొంటూ, హేమన్న ఎలా ఉన్నాడు, ఆ దెయ్యం పడవ కథ మళ్ళీ ఒక్కసారి వినాలనుంది పిన్నిగారూ అంటారు. నేను చిల్లర చేతిలో పెట్టి పంపించేస్తాను. కానీ ఒళ్ళు మండిపోతుంది. ఆ కథ మూలాన ఒక ఆడమనిషి బతుకు ఏమైపోయిందో నేను కళ్ళారా చూశాను. అందుకే చెబుతున్నాను. వాడంటే మరీ అభిమానం ఉన్నవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

నా పేరు శౌరమ్మ. కొండ కింద మా ఆయన కట్టిన ఇంట్లో ఉంటాను. ఆయన పోయాక వీధివైపు గది అద్దెకిచ్చాను. హేమసుందర్ ఆ గది అడగడానికి వచ్చినప్పుడు వాడికి ఇరవై దాటి ఉంటాయేమో. అప్పటికి ఆటోనగర్‌లో లారీలకి వైరింగ్ చేసే షెడ్డులో పని నేర్చుకున్నాడు. వాళ్ళది నాగాయలంక అవతల సముద్రానికి దగ్గర్లో ఒక పాలెం. చేపల వేట మీద బతికే ఇల్లు. వీడికి చదువు అబ్బుతుందని చిన్నప్పుడే బందరు హాస్టల్లో వేశారు. పదో తరగతి తప్పి, ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లక బెజవాడ వచ్చేశాడు. పేరుకి వేటగాళ్ళ ఇంటి పిల్లాడే కానీ, వల విసరడం కూడా రాదు.

గదిలో దిగిన కొత్తలో ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని వాళ్ళ అన్న సంగతి చెప్పాడు. అన్న పేరు కోటి. వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయని జనం గిన్నెలు పట్టుకుని గుళ్ళకి పరిగెత్తిన సంవత్సరం గుర్తుందా, ఆ వెనకే వచ్చిన కార్తీకమాసంలో కోటి తన చిన్న పడవ వేసుకుని ఒక్కడే పీతల వేటకి వెళ్ళాడు. గాలి లేదు, వాన లేదు, తుపాను కబురు అసలే లేదు. మర్నాడు ఏటి మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసే చోట, పడవ కనిపించింది. నడుంలోతు నీళ్ళలో లంగరు వేసి నిలబడి ఉంది. వలలు సర్ది ఉన్నాయి. చొక్కా మడిచి పెట్టి ఉంది. కుండలో అన్నం వండి, రెండు కంచాల్లో వడ్డించి ఉంది. ఒక్క మెతుకు కూడా ముట్టినట్టు లేదు. మనిషి మాత్రం లేడు. పాలెం పాలెమంతా కలిసి మడ అడవులన్నీ గాలించింది. శవం కూడా దొరకలేదు.

ఒక్కడే వెళ్ళినవాడు రెండు కంచాల్లో ఎందుకు వడ్డించాడు పిన్నిగారూ అని అడిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ రోజు మా ఇంట్లోనే అన్నం పెట్టి పంపాను. వాడు మొదట్నుంచీ చెడ్డవాడని నేననడం లేదు. అన్నంటే వాడికి ప్రాణం. అది నిజం.

షాపు మొదట్లో ఈగలు తోలుకుంటూ ఉండేది. రెండు పాత టీవీలు, వాటికి తగిలించిన గేమ్ పెట్టెలు, ఎగిరి దూకే బొమ్మలు. ఆ బొమ్మలు పిల్లలకి నాలుగు రోజుల్లో మొహం మొత్తేశాయి. తర్వాత సీడీలు వేసే పెట్టె ఒకటి తెచ్చాడు. దాంతోపాటు దెయ్యాల గేములు వచ్చాయి. ఎవరో మద్రాసు నుంచి పట్టుకొచ్చే దొంగ కాపీలు. వాటిలో అక్షరాలు జపానువో చైనావో ఎవరికీ తెలియదు. ఒక అమ్మాయి లాంతరు పట్టుకుని పాడుబడ్డ ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. బీరువా దగ్గర మీట నొక్కితే తాళంచెవి దొరుకుతుంది, మంచం దగ్గర నొక్కితే చిరిగిన ఫొటో. దొరికినప్పుడల్లా తెర కింద రెండు వరసలు రాసి వస్తాయి. ఆ రాత అర్థమైతే గానీ కథేమిటో తెలియదు.

హేమసుందర్ ఏం చేశాడంటే, ఆడుతున్నవాడి కుర్చీ వెనక నిలబడి ఆ రాతని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి జపాను భాష వస్తే కదా! అంతా సొంత కల్పన. ఈ ఫొటోలో ఉన్నావిడ ఇంటి కోడలు, పెళ్ళైన ఏడాదికే బావిలో పడింది, ఎవరు తోశారో ఆ పై గదిలో ఉంది అనేవాడు. గొంతు తగ్గించి, ఆగి, పంకా చప్పుడు తప్ప ఏమీ వినపడనప్పుడు మళ్ళీ అందుకునేవాడు. ఆడేవాడు ఒకడైతే వినేవాళ్ళు పది మంది. చుట్టుపక్కల హాస్టళ్ళలో ఇంటర్ చదివే పిల్లలు ఆదివారం వస్తే కదిలేవాళ్ళు కారు. నేను కూడా పప్పు పొయ్యి మీద పెట్టి పరదా వెనక నిలబడి విని, అడుగంటించుకున్న రోజులున్నాయి. వాడి నాలుక అలాంటిది మరి.

అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆ గేములు వాడి బుర్రలోకి ఎక్కాయి. ఎంత పెద్ద చిక్కుముడైనా ఏదో ఒక మూల ఒక ఆధారం ఉంటుంది, దాన్ని పట్టుకుంటే చివరికి నిజం బయటపడుతుంది, మా అన్న సంగతి కూడా అంతే అనేవాడు. పేపర్లో అర్థం కాని వార్త ఏది పడినా నా దగ్గరికి పట్టుకొచ్చేవాడు. ఎక్కడో ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయట, ఎక్కడో బావిలో నీళ్ళు మరుగుతున్నాయట. పాతికేళ్ళ కుర్రాడు, పొద్దస్తమానం ఇదే గోల. ఏదో ఒకటి తేలాలి పిన్నిగారూ, తేలేదాకా నాకు నిద్ర పట్టదు అనేవాడు. నిద్ర మాత్రం శుభ్రంగా పట్టేది. గురక మా వంటింట్లోకి వినిపించేది.

ఆ తర్వాత ఒక ఫిబ్రవరిలో, ఉత్సవాల జనంలోనే, వాళ్ళ వదిన రామతులసి వచ్చింది. కోటి భార్య. సన్నగా, నల్లగా, మొహాన కాసంత బొట్టుతో, చేతిలో ఎండుచేపల సంచితో గుమ్మంలో నిలబడింది. పిల్లలు లేరు. కోటి మాయమయ్యేనాటికి పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. అత్త సన్యాసమ్మ దగ్గరే ఉంటూ, ఆవిడ గంపెత్తుకుని చేపలమ్మితే తనూ వెంట తిరిగేది. మా కొండ చూడ్డానికి వచ్చినట్టు చెప్పింది కానీ, మరిదితో మాట్లాడటానికే అంత దూరం వచ్చింది.

సంగతేమిటంటే, బంగార్రాజు అని గిలకలదిండి ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి ఆమెను చేసుకుంటానన్నాడు. భార్య పోయినవాడు, మంచివాడు. వాళ్ళ కులంలో మారుమనువు తప్పు కాదు. కానీ ఒక కట్టుబాటు ఉంది. మొదటి మొగుడు పోయాడని కర్మ జరిగితేనే ఆడమనిషికి రెండో మనువు. శవం దొరకని మనిషికి గడ్డితో బొమ్మ కట్టి, ఆయన గుడ్డ కప్పి, రక్తసంబంధం ఉన్నవాడు కొరివి పెట్టాలి. కొడుకు లేడు, తండ్రి లేడు. కోటికి మిగిలిన మగదిక్కు తమ్ముడొక్కడే. హేమసుందర్ వచ్చి ఒక్కరోజు ఆ గడ్డిబొమ్మకి నిప్పు పెడితే ఆమె బతుకు ఒడ్డున పడుతుంది. పెట్టకపోతే, మొగుడున్నదీ కాదు, పోయినదీ కాదు. కులపెద్దలు అప్పటికే ఒప్పుకున్నారట. సన్యాసమ్మ మాత్రం, వాడు తిరిగొస్తే నా గతేంటని గుండెలు బాదుకుని, చిన్నవాడు ఎట్టా అంటే అట్టా అని వదిలేసిందట.

నేను టీ పెట్టి ఇచ్చి అక్కడే కూర్చున్నాను. లేచి వెళ్ళమని ఎవరూ అనలేదు, అన్నా వెళ్ళేదాన్ని కాదు.

హేమసుందర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, "అన్నకి ఏమైందో తెలియకుండా కొరివి ఎట్టా పెట్టమంటావు వదినా? రెండో కంచం ఎవరికి వడ్డించాడో తేలొద్దా?" అన్నాడు.

రామతులసి వాడి మొహం వంక వింతగా చూసింది. "అది గంగమ్మ కంచం. వేటలో వండుకున్నప్పుడల్లా ముందు అమ్మకి వడ్డించి, ఆ మెతుకులు నీళ్ళలో వదిలి, అప్పుడు తను తింటాడు. మీ నాన్నా అంతేగా. నీకు తెలియదా?"

వాడికి తెలియదు. హాస్టల్లో పెరిగినవాడికి ఎవరు చెబుతారు. అన్నం వడ్డించాక, అమ్మకి వదలడానికి లేచినప్పుడో, కాళ్ళు కడుక్కోవడానికి దిగినప్పుడో కోటికి ఏదో అయింది. మూర్ఛ వచ్చిందో, కాలు బురదలో దిగిపోయిందో, పోటు లాక్కుపోయిందో. అంతవరకే ఎవరైనా ఊహించగలరు. ఆమె ఆ మాటే చెప్పింది. ఏమైందో నాకూ తెలియదయ్యా, తెలుసుకోవాలని నాకు మాత్రం లేదా, కానీ సముద్రం చెప్పదు కదా అంది. అంత చిన్న మాటలో తన నాలుగేళ్ళ ఏడుపూ చెప్పుకుంది.

వీడికి మాత్రం ఆ జవాబు నచ్చలేదు. వాడి మొహంలో దిగులు కూడా కాదు, విసుగు కనిపించింది నాకు. నాలుగేళ్ళుగా అపురూపంగా దాచుకున్న చిక్కుముడిని ఎవరో ఒక్క వేలితో విప్పేసినట్టు చిన్నబుచ్చుకున్నాడు. ఆ మంటలో ఇంకో ప్రశ్న అందుకున్నాడు.

"సరే, పడవ ఎందుకు కడిగావు?"

దానికీ కట్టుబాటే కారణం. మనిషి లేకుండా ఒంటరిగా దొరికిన పడవని వాళ్ళు రేవులోకి రానివ్వరు. ఏటి మొగలోనే ఆపి, ఆ మనిషి భార్య ముందుగా పసుపునీళ్ళతో పడవ అంతా కడగాలి. తర్వాత మిగతా ఆడవాళ్ళు కడుగుతారు. అప్పుడే దాన్ని తాడు కట్టి లాక్కొస్తారు. లేకపోతే ఆ పడవ వెంట ఉన్నది పాలెంలోకి వస్తుందని భయం. రామతులసిని ఇద్దరు పట్టుకుంటే, నీళ్ళలో నిలబడి, ఏడుస్తూ ఆ పడవ కడిగింది. అన్నం నీళ్ళపాలు, కంచాలు నీళ్ళపాలు, పడవలో ఇంకేం గుర్తులున్నాయో అవన్నీ నీళ్ళపాలు.

హేమసుందర్‌కి ఆధారాలు కావాలి కదా మరి. గేములో అయితే పడవలో మూలమూలకీ వెళ్ళి మీట నొక్కవచ్చు. ఇక్కడ మీట నొక్కడానికి ఏమీ మిగల్లేదు. రక్తం మరకలున్నాయా, గోళ్ళ గీతలున్నాయా, చెక్క ఎక్కడైనా విరిగిందా అని పోలీసువాడిలా గుచ్చి గుచ్చి అడిగాడు. ఏడుస్తూ కడిగినదాన్ని, ఏం చూస్తానయ్యా అంది ఆమె. ఆపరా అని నేను కసిరాను. ఇంకొక్క ఏడాది ఆగు వదినా, నేను తేలుస్తాను అని చెప్పి బస్సెక్కించాడు. చేపల సంచి మాత్రం ఉంచుకున్నాడు.

ఆ ఏడాది వాడు తేల్చిందేమీ లేదు. ఊరికి వెళ్ళిందీ లేదు, ఒక్క వేటగాణ్ణి అడిగిందీ లేదు. నాగాయలంక బస్సు ఎక్కడానికి బద్ధకం. ఇక్కడే కుర్చీలో కూర్చుని తేలుస్తానంటాడు. ఆ రోజుల్లోనే ఒక కొత్త గేము వచ్చింది. మనుషులు లేని ఓడ ఒకటి మంచులో తేలుతూ ఉంటుంది, ఆడేవాడు అందులోకి ఎక్కి గది గదీ వెతకాలి. బల్ల మీద పళ్ళేలుంటాయి. అది చూశాక వాడు ఆగగలడా? ఆ ఓడ కథ చెప్పడం మానేసి, అన్న కథ చెప్పడం మొదలుపెట్టాడు. నాగాయలంక పేరు చెప్పాడు, ఏటి మొగ చెప్పాడు, కార్తీకం చెప్పాడు. ఇది గేము కాదురా, నిజంగా జరిగింది, ఆ పాలెం మాదే అన్నాడు. నిజంగా జరిగింది అన్న మాట వినేసరికి పిల్లలు ఇంకా దగ్గరికి జరిగి కూర్చున్నారు.

పరదా వెనక నుంచి నేను విన్నాను. రెండు కంచాలు చెప్పాడు. గంగమ్మ మాట చెప్పలేదు. చెబితే భయం పోతుంది కదా, గొంతు తగ్గించడానికి ఏముంటుంది? పైగా వారం వారం కథకి కొత్త మెలికలు పడుతున్నాయి. ఒకవారం నీళ్ళలో దీపం కనిపించింది. ఇంకోవారం పడవలో తడి కాలిగుర్తులు. ఆఖరికి ఒక ఆదివారం నాడు, పడవ దొరకకముందే ఒడ్డున ఒక ఆడమనిషి పసుపునీళ్ళ బిందెతో సిద్ధంగా నిలబడి ఉందన్నాడు. పడవలో ఏముందో ఎవరూ చూడకముందే అంతా కడిగేసింది, ఎందుకు కడిగిందో ఆలోచించండ్రా అన్నాడు.

నేను గరిటె చేత్తోనే లోపలికి వెళ్ళి ప్లగ్గు పీకేశాను. పిల్లల్ని బయటికి పంపి, సిగ్గులేదురా, అది నీ వదిన కాదా అని అడిగాను. వాడు నవ్వాడు. కథ పిన్నిగారూ, పేరు చెప్పలేదుగా అన్నాడు. ఊరి పేరు చెప్పినవాడు ఇంకా మనిషి పేరెందుకు చెప్పాలి? ఆ పాలెంలో మొగుడు సముద్రంలో మాయమైన ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆ మాటే అన్నాను. వింటాడని అనుకున్నాను. ప్లగ్గు మళ్ళీ పెట్టుకున్నాడు.

మా హాస్టళ్ళలో పిల్లలంతా బెజవాడ వాళ్ళు కారు. అవనిగడ్డ, కోడూరు, చల్లపల్లి, అన్ని ఊళ్ళ నుంచీ వచ్చి చదువుకుంటారు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ పట్టుకెళ్ళారు. పిల్లల నోట్లో అది దెయ్యం కథ. పెద్దవాళ్ళ చెవిలో పడేసరికి దెయ్యం ఎగిరిపోయింది, ఆడమనిషి మిగిలింది. మొగుణ్ణి ఏదో చేసి పడవ కడిగేసిందట అన్నారు. చేసిందెందుకో కూడా వాళ్ళకి తెలిసిపోయింది, బంగార్రాజు ఉన్నాడు కదా. ఎవరు చెప్పారంటే, సొంత మరిదే బెజవాడలో చెబుతున్నాడు అన్నారు. తోడబుట్టినవాడు చెప్పాక ఇంకెవరు కాదంటారు? ఆ రోజు నీళ్ళలో ఆమె పక్కన నిలబడి పడవ కడిగిన ఆడవాళ్ళు కూడా నోరు మూసుకున్నారు. వాళ్ళే కదా ఆమె చేతికి బిందె ఇచ్చింది.

బంగార్రాజు ఊరికే నమ్మే మనిషి కాదు. తేల్చుకుందామని నేరుగా మా గుమ్మానికి వచ్చాడు. అది కూడా ఒక ఆదివారమే. షాపు నిండా పిల్లలు. తెల్లచొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, హేమసుందర్‌ని పక్కకి రమ్మన్నాడు. వాడు రాలేదు, ఇక్కడే చెప్పమన్నాడు. బంగార్రాజు పిల్లల వంక ఒకసారి చూశాడు. మెల్లగా అడిగాడు.

"మా అమ్మ ఒప్పుకోవడం లేదు. నేను ఎవరి మాటా నమ్మను, నువ్వు చెప్పు చాలు. మీ వదిన మీద నీకేమన్నా అనుమానం ఉందా?"

ఒక్క మాట. లేదు అంటే సరిపోయేది. వాడి పెదవి మీదే ఉంది ఆమె బతుకంతా. నేను గడప దగ్గర నిలబడి వాడి మొహంలోకి చూస్తున్నాను, చెప్పరా చెప్పరా అని మనసులో కొట్టుకుంటున్నాను. పిల్లలందరూ వాడి వంక నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గేము ఆపి మరీ చూస్తున్నారు. వాడికి ఆ చూపులు కావాలి.

"ఏమో," అన్నాడు హేమసుందర్, కథ చెప్పే గొంతుతో. "ఏం జరిగిందో ఎవరికి తెలుసు?"

బంగార్రాజు బయటికి నడిచాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వెనకే పరిగెత్తి, అబ్బాయ్, వాడి మాటకేం గానీ, ఆ పిల్ల బంగారం అని చెప్పాను. మీరు ఆ ఊరివాళ్ళు కాదు కదమ్మా అన్నాడు. తప్పుగా అనలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ వేసవిలోనే పెదపట్నం వైపు పిల్లని చేసుకున్నాడని తెలిసింది.

నేను గది ఖాళీ చేయమన్నాను. వాడు చేయలేదు, మా పెద్దకొడుకు కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఉండిపోయాడు. మావాడికి అద్దె ముఖ్యం. నేను మాత్రం ఆ రోజు నుంచి వాడికి గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

తర్వాత కొన్నేళ్ళు రామతులసి ఎలా బతికిందో నాకు కొంత తెలుసు. ఏటా ఉత్సవాలకి వచ్చేది, షాపు వంక చూడకుండా నేరుగా పెరటి వైపు నుంచి నా దగ్గరికి వచ్చేది. పాలెంలో కొత్త పడవ నీళ్ళలోకి దించే రోజున ముత్తయిదువలు పసుపు కుంకుమ పెడతారు. ఆమె మొగుడు పోయాడని కర్మ జరగలేదు కనుక లెక్క ప్రకారం ఆమె కూడా ముత్తయిదువే. కానీ పడవ దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కారట. చేపల గంపెత్తితే ఆమె దగ్గర కొనేవాళ్ళు తగ్గిపోయారు. చివరికి రొయ్యలు వొలిచే షెడ్డులో కూలికి చేరింది. పొద్దున్నుంచీ ఐసునీళ్ళలో చేతులు పెట్టి వొలిచి వొలిచి వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, పగిలిపోయి ఉండేవి. కొబ్బరినూనె రాసేదాన్ని. మీ మరిదిని తిట్టుకోవే, కాస్త మనసు తేలికపడుతుంది అనేదాన్ని. తిట్టేది కాదు. వాడు ఆ ఒక్క పని చేసేస్తే చాలు పిన్నిగారూ, నేను ఎవరినో నాకు తెలుస్తుంది అనేది.

నా సంగతి ఆమెకి చెప్పాను. మా ఆయన్ని నేను శవపెట్టెలో చూశాను, పిడికెడు మట్టి వేశాను, నలభై రోజులకి అన్నం పెట్టాను. ఏడ్చాను, తర్వాత లేచి బడ్డీ తెరిచాను. ఆమెకి ఏడవడానికి కూడా ఎవరూ సెలవివ్వలేదు.

రోజులు మారాయి. ప్రతి సందులోనూ ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. కంప్యూటర్లలో గేములు, వాటిలో ఇంగ్లీషు, పిల్లలే చదువుకుంటున్నారు. హేమసుందర్ కథ చెప్పబోతే, హేమన్నా నువ్వు పక్కకి జరుగు, కనపడటం లేదు అనడం నా చెవులతో విన్నాను. నవ్వొచ్చింది, దాచుకోలేదు. వాడు కూడా నాలుగు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ చేశాడు. అన్న మాట, పడవ మాట నెమ్మదిగా మానేశాడు. వినేవాళ్ళు లేకపోతే ఆ చిక్కుముడి కూడా వాడికి అంత అవసరం లేకపోయింది.

అప్పుడు వాడికి సంబంధం వచ్చింది. బందరు పిల్ల, పేరు ఉష, డిగ్రీ చదివింది. అన్నీ కుదిరాక పిల్ల తండ్రి ఒక్క మాట అడిగాడు. మీ పెద్దవాడు ఉన్నట్టా పోయినట్టా, ఆ ఇంట్లో తేలని సంగతి ఉంచుకుని శుభకార్యం ఎట్టా చేస్తాం, ముందు ఆ కర్మ ఏదో కానిచ్చి రండి అన్నాడు.

అదీ మాట. హేమసుందర్ ఒక్క పూట ఆలోచించాడా? లేదు. సరేనండి అన్నాడు. ఇన్నేళ్ళుగా తేలందే పెట్టనన్న కొరివి, మామగారు అడిగిన మరుక్షణం పెట్టడానికి తయారయ్యాడు. కొడుకు తిరిగొస్తే ఎట్టా అని గుండెలు బాదుకున్న సన్యాసమ్మ కూడా, చిన్నవాడి పెళ్ళి మాట వినగానే కళ్ళు తుడుచుకుని గడ్డి తెప్పించింది.

రామతులసి కబురు పంపితే నేను వెళ్ళాను. చల్లపల్లి దాకా ఒక బస్సు, నాగాయలంక దాకా ఇంకొకటి, అక్కడ నుంచి ఆటో. నేను వెళ్ళేసరికి ఏటి ఒడ్డున గడ్డిబొమ్మ కట్టి పడుకోబెట్టారు. దాని మీద కోటి లుంగీ కప్పారు. పంతులు చెప్పింది చెప్పినట్టు హేమసుందర్ చేశాడు. తడిబట్టలతో చుట్టూ తిరిగి, మొహం పక్కకి తిప్పుకుని నిప్పు పెట్టాడు. ఎండుగడ్డి కదా, చిటికెలో కాలిపోయింది. బూడిద నీళ్ళలో కలిపేశారు. అంతే. ఇంత చిన్న పని.

ఆ తర్వాత ఆడవాళ్ళు రామతులసిని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టే పని ఉంది. ఆమె వాళ్ళని ఆగమని చెప్పి, ఒడ్డున వణుకుతూ నిలబడ్డ మరిది దగ్గరికి వచ్చింది. ఆమె వాడితో నేరుగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మీ అన్నకి ఏమైందో తెలిసిందా?"

"లేదు వదినా," అన్నాడు నేల చూస్తూ.

"నా మీద అనుమానం పోయిందా?"

"నాకెప్పుడూ లేదు వదినా. నేను ఊరికే..."

ఊరికేనట. ఆ మాట విన్నాక ఆమె ఇంకక్కడ నిలబడలేదు. వెనక్కి తిరిగి వచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తన గాజులు తనే రాయికేసి కొట్టుకుంది. చెయ్యి కోసుకుపోయింది. నేను నా కొంగు చింపి కట్టాను. అప్పుడు ఏడ్చింది. కోటి కోసం ఏడ్చిందో, బంగార్రాజు కోసం ఏడ్చిందో, నా ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఒక ముసలావిడ, తొమ్మిదేళ్ళ తర్వాత ఇంత ఏడుపేంటమ్మా అంది. నీ నోరు పడిపోను అని నేను తిట్టాను.

పెళ్ళి నెల తిరక్కుండానే పెట్టుకున్నారు. బందరులో కల్యాణమండపం, వీడియో తీసేవాడు, పలావు, అన్నీ ఘనంగా జరిగాయి. నన్ను పిలిచారు, నేను వెళ్ళలేదు. రామతులసిని అసలు పిలవలేదు. మొగుడు పోయి నెల కూడా కాని మనిషి శుభకార్యంలో కనపడకూడదట, సన్యాసమ్మే చెప్పింది. ఆ రోజు కూడా ఆమె షెడ్డుకి వెళ్ళి సాయంత్రం దాకా రొయ్యలు వొలిచింది.